వేషం బైబిలుది, కథ ఎవరిది?

గుడ్‌ఫ్రైడే వచ్చినా, క్రిస్మస్ వచ్చినా తెలుగు టీవీ చానళ్లు ఇప్పటికీ వెతుక్కునేది 1978 డిసెంబరులో విడుదలైన ‘కరుణామయుడు’నే. ఈ అయిదు దశాబ్దాల్లో తెలుగు సినిమా ఎక్కని మెట్టు లేదు, పెట్టని ఖర్చు లేదు. బైబిలు కథల విషయంలో మాత్రం ఆగిన చోటే ఆగింది. ఆ తరవాత వచ్చిన సినిమాల్లో చాలావాటికి, పండగ పూట ప్రసారమయ్యే టెలిఫిల్ములకు, ఇప్పుడు ఫోన్లలో కుప్పలుతెప్పలుగా తిరుగుతున్న వీడియోలకు ఒకటే నమ్మకం ఆధారం: పొడవాటి అంగీ, భుజాల దాకా జుట్టు, నాలుగు తలపాగాలు, ఒక గాడిద, కొన్ని ఖర్జూర మట్టలు ఉంటే గ్రంథానికి న్యాయం చేసినట్టే అని. ఈ నమ్మకం తప్పు. తప్పని తెలిసీ దాన్ని సాగిస్తున్న నిర్మాతలనూ, ఆ సినిమాలను ఆశీర్వదించి సువార్త సభల్లో వేయిస్తున్న సంఘ పెద్దలనూ ఈ పత్రిక నిలదీస్తోంది.

సువార్తల్లో అద్భుతాలున్నాయి. వాటిని తెరమీద చూపించవద్దని ఎవరూ అనరు. కానీ ఆ నాలుగు పుస్తకాలనూ ఒక్కసారి ఓపికగా చదివినవాళ్లకు తెలుసు, అడుగడుగునా యేసును తగాదాల్లోకి దించినవి ఏమిటో. ఎవరి పక్కన కూర్చుని తిన్నాడు, ఎవరిని ముట్టుకున్నాడు, ఎవరి చేతి నీళ్లు అడిగాడు, గుడి ఆవరణలో ఎవరి బేరానికి అడ్డు తగిలాడు. కథకు ప్రాణం అక్కడుంది. మన తెరమీద మిగులుతున్నది మాత్రం వెలుగు వలయం, వెనక నుంచి వేణువు, కళ్లు తెరిచిన గుడ్డివాడు. కథను కరిచే కథగా కాక, కళ్లకద్దుకునే పటంగా మార్చేశారు.

యోహాను సువార్త నాలుగో అధ్యాయమే తీసుకోండి. మిట్టమధ్యాహ్నం, యాకోబు బావి, ప్రయాణంలో అలసిన యేసు. చేదుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీని దాహమివ్వమని అడుగుతాడు. ఆమె మొదటి మాట ఆశ్చర్యం. యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావని. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని సువార్తికుడే అక్కడ ఆగి చెబుతాడు, చదివేవాడికి ఆ మాటల బరువు తెలియాలని. ఊరిలోంచి తిరిగొచ్చిన శిష్యులు కూడా ఆయన ఒక ఆడమనిషితో మాట్లాడుతున్నందుకు విస్తుపోతారు.

ఈ ఘట్టాన్ని అర్థం చేసుకోవడానికి రాయలసీమ ప్రేక్షకుడికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఊరి బావిలో చేద ఎవరు వేయాలో, ఎవరు దూరంగా నిలబడి దోసిట్లో పోయించుకోవాలో కట్టడి చేసిన ఊళ్లు మనవి. టీకొట్లో కొందరికి వేరే గ్లాసు పెట్టిన ఊళ్లు మనవి. అలాంటి నేల మీద ఈ కథ తీసే దర్శకుడు ఆ కుండ ఎవరిది, ఆ నీళ్లు తాగితే ఏమవుతుంది అన్న భయాన్ని చూపించకుండా, అందమైన బావినీ అందమైన చీరకట్టునూ చూపించి, జీవజలం గురించి నాలుగు మంచి మాటలు చెప్పించి వదిలేస్తే అది బైబిలుకు విధేయత ఎలా అవుతుంది? వాక్యం పొల్లుపోకుండా పలికించినా సరే, కథ తప్పినట్టే. మంచి సమరయుని ఉపమానానికీ ఇదే జరిగింది. దారిలో కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి తప్పుకుంటాడు, లేవీయుడు చూసి తప్పుకుంటాడు, విన్న జనం అసహ్యించుకునే కులంవాడు ఆగి గాయాలు కడతాడు. లూకా రాసింది అది. మన పండగ నాటికల్లో సమరయుడు ఎవరో దయగల బాటసారి. అంతే. అతణ్ని చూసి ముందు వరసలో ఒక్కరైనా ఇబ్బందిగా కదలకపోతే ఆ ఉపమానం చెప్పనట్టే.

ఈ ప్రాంతానికి ఇది మరీ దగ్గరి విషయం. జర్మనీలోని హెర్మాన్స్‌బర్గ్ మిషన్ 1865లో పని మొదలుపెట్టిన నాయుడుపేట ఈనాటి తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ పని తిరుపతికీ, శ్రీకాళహస్తికీ పాకి, తరవాత సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘంగా నిలబడింది. పడమటి వైపు చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లెలు ఆర్కాటు మిషన్ చేతికింద పెరిగాయి. మదనపల్లెలో ఉండిపోయిన వైద్యుడు జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షత వహించాడు. ఆ సంఘాల్లో చేరిన మొదటి తరాల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెల మనుషులు. వాళ్లకు సినిమా లేదు, చాలామందికి చదువూ లేదు. విని నమ్మారు. పక్కన కూర్చోబెట్టుకుని తినిపించిన దేవుడి కథ విన్నారు కనుకే, ఊరి బయట బతికిన ఆ తాతలు, అవ్వలు దాన్ని గట్టిగా పట్టుకున్నారు. వాళ్ల మనవళ్లకూ మునిమనవళ్లకూ ఇవాళ తెరమీద చూపిస్తున్న కథలో ఆ భాగమే లేకుండా పోవడం చిన్న అన్యాయం కాదు.

దేవాలయంలో బల్లలు పడదోసే సన్నివేశం సంగతి చూద్దాం. దర్శకులకు ఇది ఇష్టమైన ఘట్టం, కోపం చూపించవచ్చు, నాణేలు చెల్లాచెదురుగా దొర్లుతాయి, పావురాలు రెక్కలు టపటపలాడిస్తూ ఎగురుతాయి. పావురాలు అక్కడెందుకున్నాయో మాత్రం ఎవరూ చెప్పరు. గొర్రెపిల్లను అర్పించే స్తోమత లేని పేదలు రెండు పక్షులను ఇస్తే చాలునని ధర్మశాస్త్రం చెప్పింది. బిడ్డను కని గుడికి వచ్చిన మరియ ఇచ్చింది కూడా ఆ పక్షుల అర్పణేనని లూకా రాశాడు. అంటే ఆ బల్లల మీద అమ్ముడుపోతున్నది పేదవాడి మొక్కు. గుడి పన్ను కట్టడానికి దూరప్రాంతాల యాత్రికులు తెచ్చుకున్న డబ్బు అక్కడ చెల్లదు, తూరు వెండి నాణెంలోకి మార్చుకోవాలి, మార్చినవాడికి రుసుం ముట్టజెప్పాలి. తన తల్లి ఒకనాడు చేతుల్లో పట్టుకెళ్లిన పక్షులను అమ్మేవాళ్ల పీటలను ఆ కొడుకు పడదోస్తున్నాడు. ఇంతటి దృశ్యం గ్రంథంలో సిద్ధంగా ఉంటే, మనవాళ్లు దాన్ని ఒక ఫైటుగా తీసి ఊరుకుంటున్నారు. మొక్కు తీర్చుకోవడానికి పైసా పైసా కూడబెట్టి దూరం నుంచి వచ్చే మనిషిని రోజూ చూసే తిరుపతి ప్రేక్షకుడి కళ్లు ఇక్కడ చెమర్చాలి. ఆ అవకాశం అతనికి దక్కడం లేదు.

ఈ నేల కోసమే రాసినట్టుండే కథ మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామునే కూలీల కోసం బజారుకు వెళతాడు, రోజుకు ఒక దేనారమని మాట్లాడుకుని కొందరిని తీసుకొస్తాడు. పొద్దెక్కాక మళ్లీ వెళతాడు, మధ్యాహ్నం వెళతాడు, మూడు గంటలప్పుడు వెళతాడు. ఇంక గంటలో పొద్దుగూకుతుందనగా వెళితే కొందరు ఊరికే నిలబడి ఉంటారు. ఎందుకిలా నిలబడ్డారంటే మమ్మల్నెవరూ పిలవలేదంటారు. సాయంత్రం అందరికీ ఒకే కూలి. పొద్దున్నుంచి ఎండలో మాడినవాళ్లు గొణుగుతారు.

తిరుపతిలోనూ చిత్తూరులోనూ కూలీల అడ్డాల దగ్గర తెల్లవారుజామున నిలబడి చూసిన ఏ దర్శకుడికైనా ఈ కథకు యెరూషలేము సెట్టు అక్కర్లేదు. టిఫిన్ క్యారియర్, తాపీ, సున్నం మరకల చొక్కా. మేస్త్రీ బండి ఆగగానే చుట్టూ మూగే మనుషులు. బలంగా ఉన్నవాళ్లను ముందు ఎక్కించుకుని పోతారు. పది దాటాక కూడా మిగిలేది ముసలివాళ్లు, చంటిబిడ్డ తల్లులు, చేతికి దెబ్బ తగిలినవాళ్లు. సాయంత్రం అయిదింటికి కూడా అక్కడే ఉన్న మనిషి సోమరి కాడని, అతణ్ని ఎవరూ పిలవలేదని, ఇంట్లో అతని పిల్లలు తినే అన్నం కూడా రోజంతా పనిచేసినవాడి పిల్లలు తినేంతే అని ఆ ఉపమానం చెబుతోంది. మదనపల్లె టమోటా మార్కెట్టులో మూటలు మోసేవాడికి ఇది మొదటిసారి వినగానే అర్థమవుతుంది. అర్థమయ్యాక కోపం కూడా వస్తుంది, ఆ గొణిగినవాళ్లకు వచ్చినట్టే. ఆ కోపం దగ్గరికి ప్రేక్షకుణ్ని తీసుకెళ్లడమే ఉపమానం పని. మనవాళ్లు తీసినప్పుడు యజమాని చిరునవ్వు, కూలీల దండాలు, సంగీతం. గొణుగుడు ఉండదు. కథ చెప్పినవాడు దాచని మాటను సినిమా తీసినవాడు దాస్తున్నాడు.

‘కరుణామయుడు’కు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. తెలుగువాడైన విజయచందర్ ఏళ్ల తరబడి కష్టపడి ఆ సినిమాను నిర్మించి, తనే క్రీస్తుగా నటించారు. దర్శకుడు ఎ. భీంసింగ్ తమిళంలో ‘పాశమలర్’, ‘పావ మన్నిప్పు’ లాంటి చిత్రాలతో కుటుంబ కథలకు కన్నీటి భాష నేర్పిన మనిషి. 1978 జనవరిలో ఆయన చనిపోయారు, సినిమా విడుదల చూడలేదు. ఫ్రాన్సిస్కన్ గురువు క్రిస్టఫర్ కొయెల్లో రచనలో తోడు నిలిచారు. మోదుకూరి జాన్సన్ మాటలు, పాటలు తెలుగు నుడికారంలోంచి వచ్చాయి. అందుకే సిలువ మోసుకుపోతున్న క్రీస్తును చూసి మతంతో పని లేకుండా పల్లెలు ఏడ్చాయి. హిందీలో ‘దయాసాగర్’ అయ్యాక జాన్ గిల్మన్ అనే అమెరికన్ ప్రచారకుడు ప్రొజెక్టర్లూ తెరలూ ఇచ్చి దాన్ని దేశమంతా ఊరూరా వేయించాడు.

చెడు కూడా అక్కడే మొదలైంది. సినిమా ప్రచార సాధనమయ్యాక, ఎక్కడ ఏడుస్తున్నారో అదే మళ్లీ కావాలన్నారు. తరవాతివాళ్లు ‘కరుణామయుడు’లోని తెలుగుతనాన్ని వదిలేసి సిలువ మోత ఒక్కటే తీసుకున్నారు. 1980లో బాపు ‘రాజాధిరాజు’లో నూతన్‌ప్రసాద్‌ను సైతానుగా నిలబెట్టి వేరే దారి చూపించారు. కొరడా దెబ్బలు చూపించకుండానే మంచిచెడ్డల పోరాటాన్ని తెలుగువాడి నవ్వుతో, నుడితో చెప్పవచ్చని రుజువు చేశారు. ఆ దారిన రెండో అడుగు వేసినవాళ్లు లేరు.

తెరమీది క్రీస్తు మొహం కూడా మనది కాదు. మన ఇళ్ల గోడల మీది క్రీస్తు ముఖానికి మూలం 1940లో షికాగోలో వార్నర్ సాల్‌మన్ వేసిన బొమ్మ, కోట్లాది ప్రతులై ప్రపంచమంతా పరుచుకున్న బొమ్మ. ఇప్పుడు కృత్రిమ మేధతో నిమిషాల్లో తయారవుతున్న బైబిలు వీడియోలు అదే ముఖాన్ని ఇంకాస్త తెల్లగా, ఇంకాస్త నున్నగా వండి పెడుతున్నాయి. గలిలయ ఎండలో వడ్రంగం చేసిన మనిషి చేతులు అలా ఉండవు. ఆ వీడియోలను వాట్సాప్ గ్రూపుల్లో దీవెనగా పంచుతున్న బోధకులు ఒక్కసారి ఆగి, తమ సంఘంలో ముందు వరసలో కూర్చున్న ముఖాలను చూడాలి.

బయటి ప్రపంచం ఏమీ మేలు కాదు. 2014లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఎక్సోడస్’లో మోషేగా క్రిస్టియన్ బేల్ నటించాడు, ఐగుప్తు రాజులూ తెల్లవాళ్లే. చరిత్ర తప్పులున్నాయని ఈజిప్టు ఆ సినిమాను నిషేధించింది. 2004లో మెల్ గిబ్సన్ ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ను అరమాయిక్, హీబ్రూ, లాటిన్ భాషల్లో తీసి విధేయతకు పరాకాష్ఠ అనిపించుకున్నాడు. కానీ ఆ సినిమా దాదాపు మొత్తం చివరి పన్నెండు గంటల హింస. కొండమీద ప్రసంగం మధ్యలో తళుక్కున మెరిసి పోతుంది. పైగా అందులో చాలా వివరాలు సువార్తల్లోవి కావు, జర్మన్ సన్యాసిని ఆన్ కాథరిన్ ఎమరిక్ దర్శనాల పుస్తకంలోంచి వచ్చినవి. భాష పాతది చేస్తే గ్రంథం దగ్గరకు చేరినట్టు కాదని దీనికన్నా పెద్ద రుజువు లేదు.

ఎదురుగా నిలబెట్టాల్సింది 1964 నాటి ఇటలీ సినిమాను. దేవుణ్ని నమ్మని మార్క్సిస్టు పియెర్ పావొలో పసోలినీ మత్తయి సువార్తను తీశాడు. సంభాషణలు మత్తయివే. నటుల్లో దాదాపు ఎవరూ నటులు కారు, దక్షిణ ఇటలీ మతేరా ఊరి చుట్టుపక్కల రైతులు, కూలీలు. క్రీస్తు ఒక స్పెయిన్ విద్యార్థి. వయసు మళ్లిన మరియ పసోలినీ సొంత తల్లి. పెద్ద సెట్లు లేవు. పళ్లూడిన ముసలివాళ్ల ముఖాల మీద కెమెరా ఆగుతుంది, ఆ ముఖాలను చూస్తూ క్రీస్తు ధనవంతులను గద్దిస్తాడు. యాభై ఏళ్ల తరవాత వాటికన్ పత్రికే దాన్ని యేసు మీద వచ్చిన సినిమాల్లో ఉత్తమమైనదిగా మెచ్చుకుంది. మన నిర్మాతలు బడ్జెట్ లేదని చెబుతున్నప్పుడల్లా ఈ సినిమాను వాళ్లకు గుర్తు చేయాలి.

అంత దూరం ఎందుకు, చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే పద్దెనిమిది రోజుల భారతం మన కళ్లముందే ఉంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. వేషగాళ్లు ఎన్ని మాటలు కల్పిస్తారో లెక్క లేదు. ధర్మరాజు నోట్లో కరెంటు కోతలు, బోరుబావుల అప్పులు వస్తాయి. హాస్యగాడు ప్రెసిడెంటును కూడా వదలడు. ఎవరూ అపచారమనరు. కానీ సభలో ద్రౌపదికి జరిగిన అవమానాన్ని కుదించమంటే ఊరు ఊరుకోదు. అర్జునుడు తపసుమాను ఎక్కకుండా, ఆఖరి రోజు మట్టి దుర్యోధనుడు కూలకుండా కథ ముగియదు. ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చకూడదో చదువురాని ప్రేక్షకుడికి అంత స్పష్టంగా తెలుసు. సినిమావాళ్లకు మాత్రం ఈ లెక్క తలకిందులైంది. గుడ్డ, గోడ, గడ్డం మార్చరు. అవమానాన్ని కత్తిరిస్తారు.

ఇది క్రైస్తవ కథలకే పట్టిన రోగమని ఎవరైనా అనుకుంటే శ్రీకాళహస్తి వైపు చూడాలి. తిన్నడి కథలో ఉన్నదేమిటి? వేటాడి తెచ్చిన మాంసం, రుచి చూసి పెట్టిన ఎంగిలి, పుక్కిట పట్టి తెచ్చిన నీళ్లతో అభిషేకం, కన్ను పెట్టాల్సిన చోటు గుర్తుండడానికి లింగం మీద మోపిన కాలు. పెరియ పురాణమూ, మన ధూర్జటీ దీన్ని దాచలేదు. స్వర్ణముఖి ఒడ్డు కథను 2025లో ‘కన్నప్ప’గా తీస్తూ అందులో ఎక్కువ భాగాన్ని న్యూజిలాండ్‌లో చిత్రీకరించారు. తారలు వరసకట్టారు, యుద్ధాలు పెరిగాయి. ఆ ఎంగిలి ముద్ద ముందు ఆచారం ఎలా తల వంచిందన్న అసలు సంగతి ఆ హోరులో చిన్నదైపోయింది. 2023 జూన్‌లో తిరుపతిలో అట్టహాసంగా వేడుక చేసి వదిలిన ‘ఆదిపురుష్’ సంభాషణలను విడుదలైన కొద్ది రోజులకే మార్చుకోవాల్సి వచ్చింది. ఏ మత గ్రంథం చేతికిచ్చినా ఈ పరిశ్రమ దాన్ని ఒకే మూసలో పోస్తోంది.

ఇందులో సంఘాల బాధ్యత తక్కువేమీ కాదు. 2006 జూన్‌లో ‘ది డావిన్సీ కోడ్’ను నిషేధించాలని రాష్ట్రంలో క్రైస్తవ సంఘాలు పట్టుబట్టాయి, ప్రభుత్వం నిషేధించింది. అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అది సరైన తీర్పు. గ్రంథం మీద ప్రేమను నిషేధాలతో నిరూపించుకోలేం. ఒక ఇంగ్లిష్ నవల సినిమా మీద అంత పట్టుదల చూపిన పెద్దలు, తమ ప్రాంగణాల్లోనే సమరయ స్త్రీ దాహపు కథను నీరుగార్చి వేస్తుంటే ఎన్నడైనా ఒక్క మాటన్నారా? క్రీస్తు పెళ్లి గురించి కల్పిస్తే నొచ్చుకున్నారు. క్రీస్తు ఎవరి కంచంలో తిన్నాడో చెరిపేస్తే నొచ్చుకోలేదు. ఈ రెండింటిలో సువార్తకు ఏది ఎక్కువ ద్రోహమో బిషప్పులు, పాస్టర్లు తమ సంఘాలకు బహిరంగంగా చెప్పాలి.

నిర్మాతలు ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకుంటారు, జనం చూడరని. జనానికి ఇచ్చి చూసిందెప్పుడు? అంటరానితనం గురించి, కూలి గురించి, భూమి గురించి తీసిన తెలుగు, తమిళ సినిమాలను ఈ జిల్లాల్లోనే జనం టిక్కెట్టు కొని చూశారు. రెండు భాషలూ వచ్చిన సరిహద్దు జిల్లాలు ఇవి, చెన్నైలో వచ్చే ప్రతి కొత్త సినిమా సాయంత్రానికి ఇక్కడ చర్చకు వస్తుంది. ఇంత చూసిన ప్రేక్షకుడి ముందు బైబిలు పేరుతో క్యాలెండరు బొమ్మలు కదిలించి, భక్తి లేక చూడలేదనడం అతణ్ని అవమానించడమే. మరికొందరు గొడవలవుతాయని భయపెడతారు. కావచ్చు. సమరయుడి కథ విన్న రోజు ఆ ధర్మశాస్త్రోపదేశకుడికీ మింగుడుపడి ఉండదు. ఆ ఇబ్బంది ఉంది కనుకే కథ రెండు వేల ఏళ్లు నిలిచింది.

కాబట్టి మా డిమాండు పెద్దది కాదు. లూథరన్ సంఘ కేంద్రం తిరుపతిలోనే ఉంది. సి.ఎస్.ఐ. మందిరాలు మదనపల్లె నుంచి చిత్తూరు దాకా ఉన్నాయి. కేథలిక్ బడులు, కాలేజీలు ఉన్నాయి. రాబోయే శ్రమకాలానికి సభల్లో ఎల్‌ఈడీ తెరల అద్దెకు పెట్టే డబ్బులో కొంత తీసి, ఆ సంఘాల్లోని యువతకే ఇవ్వండి. మత్తయి ఇరవయ్యో అధ్యాయం చేతికిచ్చి అడ్డా దగ్గరికి పంపండి. కూలీ వేషం కూలీనే వేయనివ్వండి, అతని రోజు కూలి అతనికి ఇచ్చి. అంగీలు కుట్టించకండి. తీసుకొచ్చాక కమిటీ కూర్చుని చూసి, చివర్లో ఆ పొద్దుటి కూలీలు గొణిగే భాగాన్ని కత్తిరించమని మాత్రం వాళ్లకు చెప్పకండి.